అగ్గిపెట్టెలో జీరంగి... ఫోనులో పోకెమాన్

తొలకరి పడి నేల తడిసిందంటే చాలు, తుమ్మచెట్ల కింద పిల్లలు మూగేవారు. నిగనిగలాడే జీరంగిని పట్టి, అగ్గిపెట్టెలో పెట్టి, నాలుగు తుమ్మాకులు మేత వేసి, చొక్కా జేబులో దాచుకుని బడికి వెళ్ళని కుర్రవాడు ఒక తరం కిందట మన పల్లెల్లో అరుదు. "నీ దగ్గర ఎన్ని ఉన్నాయిరా?", "నాకొకటి ఇస్తే నీకు రెండు గోళీలిస్తా" అంటూ బడి అరుగుల మీద బేరాలు సాగేవి. పంతులుగారు పాఠం చెబుతుంటే జేబులో గరగరమని చప్పుడయ్యేది. బెత్తం దెబ్బలు పడేవి. అయినా మర్నాడు మళ్ళీ అగ్గిపెట్టె తయారు.

నేడు అదే జేబులో ఫోను ఉంటోంది. అందులోనూ పురుగులే, పక్షులే, పాములే. కాకపోతే అవి బొమ్మలు. వాటి పేరు పోకెమాన్. "పాకెట్ మాన్‌స్టర్స్" అనే మాటకు అది కుదింపు. జేబులో ఇమిడే వింత జీవాలు అని అర్థం.

ఇది ఎక్కడో పెద్ద నగరంలో అద్దాల మేడలో పుట్టిన ఆలోచన అనుకుంటే పొరపాటే. దీనిని కనిపెట్టినవాడు జపాను దేశంలో వరిమళ్ళ పక్కన పురుగులు పట్టుకుంటూ పెరిగిన కుర్రవాడు. ఆ మళ్ళు మాయమయ్యాయి గనుకనే ఈ ఆట పుట్టింది. ఫోను పట్టుకున్న పిల్లలూ, వారిని చూసి తల పట్టుకున్న పెద్దలూ తెలుసుకోదగిన కథ ఇది.

వరిమడి పక్క కుర్రవాడు

ఆయన పేరు సతోషి తజిరి. 1965లో పుట్టారు. టోకియో నగర శివారులోని మాచిదాలో పెరిగారు. అప్పట్లో అక్కడ వరిమళ్ళు, కాలువలు, చెట్లచేమలు ఉండేవి. తజిరికి పురుగుల పిచ్చి. తోటి పిల్లలు ఆయనను "పురుగుల డాక్టరు" అని పిలిచేవారట.

పట్టడంలోనూ ఆయనది సొంత పద్ధతి. మిగతా పిల్లలు చెట్టు బెరడుకు తేనె పూసి పెద్ద పెంకుపురుగుల కోసం కాపు కాసేవారు. ఈ పిల్లవాడు చెట్టు కింద ఒక రాయి పెట్టి వెళ్ళిపోయేవాడు. పగటి వేళ ఆ పురుగులు చల్లగా రాతి కిందికి చేరి నిద్రపోతాయని కనిపెట్టాడు. తెల్లవారి వచ్చి రాయి ఎత్తితే పురుగు దొరికేది. పురుగు నడత తెలిసినవాడికే పురుగు చిక్కుతుంది అన్న పాఠం ఆయనకు అక్కడే అబ్బింది.

ఇంతలో నగరం పెరిగింది. మళ్ళు పూడ్చి ఇళ్ళు కట్టారు. చెరువులు పోయి రోడ్లు వచ్చాయి. ఏటేటా పురుగులు తగ్గిపోయాయి. పట్టుకోవడానికి పురుగులు లేని కుర్రవాడు వీడియో ఆటల అంగళ్ళలో చేరాడు. 1983లో "గేమ్ ఫ్రీక్" అనే పేరుతో చేతిరాత పత్రిక మొదలుపెట్టాడు. ఆ పత్రికకు బొమ్మలు వేయడానికి వచ్చిన కెన్ సుగిమోరి తరువాత పోకెమాన్ జీవాలకు రూపం ఇచ్చారు. 1989లో ఆ పత్రిక పేరుతోనే ఆటలు తయారుచేసే కంపెనీ వెలిసింది.

తీగ మీద పాకిన పురుగు

అదే ఏడాది నింటెండో కంపెనీ "గేమ్ బాయ్" అనే చేతి యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. అరచేతిలో పట్టే ఆ యంత్రాలు రెండింటిని ఒక తీగతో కలపవచ్చు. ఆ తీగను చూసిన తజిరికి దాని మీద ఒక పురుగు అటునుంచి ఇటు పాకుతున్నట్లు తోచిందట. అదే ఆటకు బీజం.

తయారీ అంత తేలికగా సాగలేదు. సుమారు ఆరేళ్ళు పట్టింది. డబ్బు చాలక కంపెనీ మూతబడే దశకు వచ్చింది. ఉద్యోగులు కొందరు మానుకుపోయారు. ఎట్టకేలకు 1996 ఫిబ్రవరి 27న ఆట జపానులో విడుదలయింది. అందులో మొత్తం 151 జీవాలు. 2024 నాటికి వాటి సంఖ్య 1025కు చేరింది.

ఆట తీరు ఇది. ఆడేవాడు ఒక కుర్రవాడి వేషం కడతాడు. ఊరూరా తిరుగుతూ గడ్డిలో, నీళ్ళలో, గుహల్లో ఉన్న జీవాలను చిన్న బంతిలో పట్టి దాచుకుంటాడు. వాటికి తర్ఫీదు ఇచ్చి, ఇతరుల జీవాలతో పోటీకి దింపుతాడు. గెలుపోటములకు నియమం ఉన్నది. నీరు నిప్పును ఆర్పుతుంది, నిప్పు గడ్డిని కాలుస్తుంది, గడ్డి నీటిని పీలుస్తుంది. ఏది దేనికి లొంగుతుందో తెలిసినవాడే గెలుస్తాడు.

అసలు కిటుకు మరొకటి ఉన్నది. ఆటను ఎరుపు, ఆకుపచ్చ అని రెండు రకాలుగా అమ్మారు. కొన్ని జీవాలు ఎరుపులోనే దొరుకుతాయి, కొన్ని ఆకుపచ్చలోనే. ఒక్కడే కూర్చుని ఎన్నాళ్ళు ఆడినా అన్నీ రావు. స్నేహితుడి దగ్గరకు వెళ్ళి, తీగ కలిపి, మార్పిడి చేసుకోవలసిందే. జీరంగికి రెండు గోళీలు అన్న బేరమే అక్కడా నడిచింది.

టీవీలో వచ్చింది, ఆసుపత్రికి పంపింది

ఆట బాగా ఆడడంతో 1997 ఏప్రిల్ 1 నుంచి జపాను టీవీలో బొమ్మల సీరియల్ మొదలయింది. అందులో కథానాయకుడైన కుర్రవాడికి జపానులో సతోషి అనే పేరు పెట్టారు. అది ఆట కనిపెట్టినవాని పేరే. బయటి దేశాల్లో ఆ పాత్ర పేరు యాష్. అతని వెంట ఉండే పసుపుపచ్చని పికాచు బొమ్మ నేడు మన సంతల్లో బడి సంచుల మీద, పలకల మీద కూడా కనిపిస్తుంది. మన దేశంలో ఈ సీరియల్ 2003లో కార్టూన్ నెట్‌వర్క్ ద్వారా వచ్చింది.

ఆ సీరియల్ చరిత్రలో ప్రతి తల్లీ తండ్రీ గుర్తుంచుకోవలసిన రోజు ఒకటి ఉన్నది. 1997 డిసెంబరు 16న వచ్చిన భాగంలో ఎరుపు, నీలం కాంతులు సెకనుకు 12 సార్ల చొప్పున మారుతూ కొన్ని సెకన్లపాటు మెరిశాయి. చూస్తున్న పిల్లలకు తలతిప్పులు, వాంతులు, కొందరికి మూర్ఛలు వచ్చాయి. ఆ రాత్రి 685 మంది పిల్లలను ఆసుపత్రులకు చేర్చవలసి వచ్చింది. సీరియల్‌ను నాలుగు నెలలు ఆపివేశారు. ఆ భాగాన్ని మళ్ళీ ఎన్నడూ వేయలేదు. మెరుపు కాంతుల విషయంలో జపాను టీవీ సంస్థలు తరువాత కట్టుదిట్టమైన నియమాలు పెట్టుకున్నాయి.

చీకటి గదిలో, తెరకు ముఖం ఆనించి చూస్తే కంటికీ మెదడుకూ ప్రమాదం ఎక్కువ. దీపం వేసి, దూరంగా కూర్చోబెట్టి చూపాలన్న జాగ్రత్త టీవీకే కాదు, దుప్పటి ముసుగులో చూసే ఫోనుకూ వర్తిస్తుంది.

ఫోనులోకి వచ్చిన వేట

2016 జూలై 6న ఈ వేట ఫోనులోకి వచ్చింది. ఆ ఆట పేరు "పోకెమాన్ గో". దీనిని తయారుచేసింది అమెరికాలోని నియాంటిక్ సంస్థ. దాని అధిపతి జాన్ హాంకే అంతకుముందు స్థాపించిన కంపెనీనే గూగుల్ కొని "గూగుల్ ఎర్త్"గా మార్చింది. అంటే భూగోళ పటం ఫోనులోకి తెచ్చినవాళ్ళే ఆ పటం మీద పోకెమాన్‌లను వదిలారన్నమాట.

ఇందులో కూర్చుంటే ఆట సాగదు. ఆడేవాడు నిజంగా వీధిలో నడవాలి. ఉపగ్రహాల సాయంతో ఫోను అతడున్న చోటు కనిపెడుతుంది. నడుస్తుంటే ఉన్నట్లుండి రోడ్డు పక్క ఒక జీవం కనిపిస్తుంది. కెమెరా తీస్తే ఎదుట ఉన్న అరుగు మీదే కూర్చున్నట్లు అగుపిస్తుంది. వేలితో బంతి విసిరి పట్టాలి. గుడ్లు కూడా దొరుకుతాయి. అవి పొదగాలంటే 2, 5, 10 కిలోమీటర్లు నడవాలి. మోటారు సైకిలు మీద వెళితే లెక్కలోకి రాదు.

రెండు నెలలు గడిచేసరికి ప్రపంచంలో 50 కోట్ల సార్లు ఈ ఆటను ఫోనుల్లోకి దింపుకున్నారని ఆ సంస్థ ప్రకటించింది. మన దేశంలో 2016 డిసెంబరులో జియోతో ఒప్పందం కుదుర్చుకుని విడుదల చేశారు. రిలయన్స్ దుకాణాలు ఆటలో మజిలీలయ్యాయి. అయితే విడుదలకు ముందే ఎందరో దొంగదారిన దింపుకున్నారు. ఆ 2016 జూలైలోనే ఈ ఆట పేరుతో తిరిగిన ఒక నకిలీలో ఫోనును పరాయివారి చేతిలో పెట్టే దొంగ ప్రోగ్రాము దాగి ఉన్నట్లు కంప్యూటరు భద్రతా నిపుణులు కనుగొన్నారు. ప్లే స్టోరులో తప్ప మరెక్కడా, ఎవరో పంపిన లింకు నొక్కి ఆటలు దింపుకోరాదు అనేందుకు ఇదొక్కటి చాలు.

నడిపించింది, ప్రాణమూ తీసింది

ఈ ఆట పిల్లల్నీ పెద్దల్నీ ఇంటి నుంచి బయటికి లాగిన మాట నిజం. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2016లో లెక్క తీస్తే, ఆట మీద బాగా ఆసక్తి ఉన్నవారు రోజుకు సగటున 1473 అడుగులు ఎక్కువ నడిచారు. హార్వర్డ్ పరిశోధకుల లెక్క మరోవిధంగా తేలింది. మొదటి వారం రోజుకు 955 అడుగులు పెరిగాయి. ఆరో వారానికి ఆ పెరుగుదల కాస్తా పోయి మళ్ళీ పాత నడకే మిగిలింది. కొత్త మోజు నెలన్నరలో తీరిందన్నమాట.

ఇక నష్టాల మాట. 2016 ఆగస్టులో జపానులోని తొకుషిమాలో ఒకడు వాహనం నడుపుతూ ఈ ఆట ఆడాడు. ఇద్దరు స్త్రీలను ఢీకొట్టగా ఒకామె మరణించింది. అదే ఏడాది అక్టోబరులో ఐచి రాష్ట్రంలో ఇలాగే ఆడుతున్న లారీ డ్రైవరు బడి నుంచి ఇంటికి వస్తున్న తొమ్మిదేళ్ళ బాలుణ్ణి బలిగొన్నాడు. ఆ తరువాత వేగంగా కదిలే బండిలో ఆట సరిగా సాగకుండా కంపెనీ మార్పులు చేయవలసి వచ్చింది. ట్రాక్టరు నడుపుతూనో, మోటారు సైకిలు మీదనో ఒంటిచేత్తో ఫోను చూసే అలవాటు ఉన్నవారికి ఈ రెండు చావులూ హెచ్చరికే.

ఎక్కడపడితే అక్కడ వేట పెట్టడంతో చిక్కులూ వచ్చాయి. అణుబాంబుకు బలైనవారి స్మృతిచిహ్నం ఉన్న హిరోషిమా శాంతివనంలో కూడా పోకెమాన్‌లు వెలిశాయి. నగర పాలకులు అభ్యంతరం చెప్పగా, 2016 ఆగస్టు 6 సంస్మరణ దినానికి ముందే తొలగించారు. మన దేశంలో గుళ్ళలో గుడ్లు కనిపించడం భక్తుల మనసు నొప్పిస్తున్నదంటూ 2016 సెప్టెంబరులో గుజరాత్ హైకోర్టుకు ఫిర్యాదు వెళ్ళింది. కోర్టు ప్రభుత్వాలకు నోటీసులిచ్చింది.

పల్లెకు దక్కనిది

విచిత్రమేమంటే, పల్లె నుంచి పుట్టిన ఈ ఆట పల్లెకు వచ్చేసరికి చేతులు ముడుచుకున్నది.

ఆటలో బంతులు దొరికే మజిలీలు కావాలి. వాటిలో చాలాభాగం అంతకుముందు అదే సంస్థ నడిపిన మరో ఆటలో ఆటగాళ్ళు గుర్తించి పంపిన స్థలాలు. ఆడేవాళ్ళు నగరాల్లో ఉన్నారు గనుక మజిలీలూ నగరాల్లోనే కుప్పపడ్డాయి. నగరంలో ఒక వీధిలో నాలుగు ఉంటే, పల్లెటూళ్ళలో మైళ్ళ దూరానికి ఒకటి దొరకడమే గగనం. జనం మసలే చోట జీవాలు ఎక్కువ, పొలాల్లో తక్కువ. బంతులు అయిపోతే వేట ఆగిపోతుంది, లేదా డబ్బు పెట్టి కొనాలి. పల్లెటూరి ఆటగాళ్ళ ఈ గోడు మనదొక్కటే కాదు, అమెరికా పల్లెలదీ అదే. స్నేహితుల మధ్య మార్పిడి కూడా ఫోను ఆటలో మొదట లేదు. 2018లో గాని రాలేదు. అదీ ఇద్దరూ దగ్గర దగ్గరగా ఉంటేనే.

అంటే వరిమడి నగరానికి వెళ్ళింది. నగరం దాన్ని బొమ్మ చేసి, ఖరీదు కట్టి పల్లెకు తిరిగి పంపింది. ఆ ఖరీదు ఎంతో చూస్తే కళ్ళు తిరుగుతాయి. 2025లో నియాంటిక్ తన ఆటల వ్యాపారాన్ని స్కోప్లీ అనే కంపెనీకి 350 కోట్ల డాలర్లకు అమ్మింది. స్కోప్లీ వెనుక ఉన్నది సౌదీ అరేబియా ప్రభుత్వ నిధి పెట్టుబడి.

డబ్బు దగ్గర జాగ్రత్త

ఆట ఉచితమే. లోపల అంగడి ఉన్నది. బంతులు, గుడ్లు పొదిగే పెట్టెలు నాణేలతో కొనాలి. ఆ నాణేలను నిజమైన రూపాయలతో కొనవచ్చు. గుడ్డులో ఏ జీవం ఉన్నదో పగిలేదాకా పూర్తిగా తెలియదు. జాతరలో చీటీ లాగే ఆటకూ దీనికీ చుట్టరికం ఉన్నది. ఇంకొక్కటి, ఇంకొక్కటి అనిపించడమే దాని బలం. ఇటువంటి ఫోను ఆటల్లో చీటీ మీద చీటీ పేర్చే ఒక పద్ధతిని జపాను ప్రభుత్వమే 2012లో తప్పుపట్టి ఆపించింది.

మన దేశంలో పందెం కాసి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది. పోకెమాన్‌లో పందెం లేదు, కొనుగోలే ఉన్నది. ఆ చట్టం దీనికి అడ్డుపడదు గనుక ఇంటివాళ్ళే అడ్డం నిలవాలి. పిల్లల చేతికి ఫోను ఇచ్చే ముందు చేయవలసినవి నాలుగే. ప్లే స్టోరు సెట్టింగుల్లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోవాలి. డబ్బు చెల్లించే యాప్‌ల పిన్ నంబరు పిల్లలకు చెప్పరాదు. ఆట కోసం ఇంటి చిరునామా, బడి పేరు ఎవరికీ రాయవద్దని చెప్పాలి. మోసపోయి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి.

నిమ్మచెట్టు మీద పోకెమాన్

ఇంతకూ ఆ 151 జీవాల్లో ఒకటి మన ఊళ్ళోనే ఉన్నది. దాని పేరు కేటర్‌పీ. ఆకుపచ్చని గొంగళిపురుగు. తల మీద ఎర్రని కొమ్ము. ముట్టుకుంటే ఆ కొమ్ము నుంచి దుర్వాసన వదులుతుంది. నిమ్మతోట ఉన్న రైతుకు దీన్ని పరిచయం చేయనక్కరలేదు. లేత నిమ్మాకు కొరికే పచ్చపురుగును పుల్లతో కదిపి చూడండి. తల వెనుక నుంచి చీలిన ఎర్రని కొమ్ము బయటికి వస్తుంది, ఘాటు వాసన కొడుతుంది. ఆటలో అది గూడు కట్టి, తరువాత సీతాకోకచిలుక అవుతుంది. చెట్టు మీదా అంతే. ఫోనులో ఆ మార్పుకు వేలితో నొక్కితే చాలు. చెట్టు మీద రోజులు పడుతుంది. ఆ రోజులే దాని అందం.

జపాను పిల్లలు వేసవిలో ముచ్చటపడి పెంచుకునే కొమ్ము పెంకుపురుగు, మన కొబ్బరితోటల్లో మొవ్వు తొలిచే కొమ్ము పురుగుకు దగ్గరి చుట్టమే. ఒకచోట అది పెంపుడు జీవం, ఇంకోచోట శత్రువు. ఆరుద్ర కార్తెలో ఎర్రమఖమల్ ముక్కలా నేల మీద పాకే ఆరుద్ర పురుగు నిజానికి పురుగే కాదు. కాళ్ళు లెక్కపెడితే ఎనిమిది ఉంటాయి. అది సాలీడు వంశం. ఈ లెక్క పిల్లవాడు తన వేళ్ళతో తానే తేల్చుకోగలడు. దానికి సిగ్నలు అక్కరలేదు, రీఛార్జి అక్కరలేదు.

అయితే ఇది ఎన్నాళ్ళు? జర్మనీలో రక్షిత ప్రాంతాల్లో వలలు పెట్టి 27 ఏళ్ళపాటు తూచి చూస్తే, ఎగిరే పురుగుల బరువు మూడొంతులకు పైగా తగ్గిపోయిందని 2017లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆ లెక్క మన పొలాలది కాదు. కానీ చేను గట్టు మీద పడుకున్న పెద్దలను అడిగితే, వెనుకటి మిణుగురులేవీ, జీరంగులేవీ అని వాళ్ళే ఎదురు ప్రశ్న వేస్తారు. తుమ్మచెట్లు కొట్టేశాక జీరంగి ఏమి తిని బతకాలి? మందు కొట్టిన చేలో తూనీగ ఎక్కడ గుడ్డు పెట్టాలి?

మాచిదాలో మళ్ళు పూడ్చినప్పుడు అక్కడివారెవరూ పురుగుల సంగతి ఆలోచించి ఉండరు. ఆ ఊరి కుర్రవాడు ఒకడు మాత్రం అది మరిచిపోలేక, ఉన్నవాటి జ్ఞాపకంతో లేనివాటిని బొమ్మలుగా చేశాడు. ఆ బొమ్మలను పట్టడానికి ప్రపంచం వీధులు పట్టుకుని తిరిగింది.

మన పిల్లలు ఆ బొమ్మలాట ఆడుకుంటే తప్పు పట్టవలసిన పని లేదు. రోడ్డు మీద ఆడకుండా, రూపాయి పోకుండా చూసుకుంటే సరిపోతుంది. కానీ ఈసారి తొలకరికి ఫోను ఒక పూట ఇంట్లో ఉంచి, తాతలు మనవలను తుమ్మచెట్టు కిందికి తీసుకువెళ్ళవచ్చు. పట్టిన జీరంగిని చూపి, పేరు చెప్పి, కాళ్ళు లెక్కపెట్టించి, సాయంత్రానికి మళ్ళీ చెట్టు మీద వదిలిపెట్టించవచ్చు. మర్నాటికి అది అక్కడే ఉంటే, ఆ ఊళ్ళో ఆట ఇంకా నడుస్తున్నట్లే.